హైలాండ్స్ చూడటానికి ఒక్క రోజే ఉంది: రైలా, టూర్ బస్సా?

మీ ప్రశ్న చదివాను. సెప్టెంబర్ రెండో వారంలో అమ్మానాన్నలు ఎడిన్‌బరోలో మీ దగ్గర ఉంటారు, వాళ్లకు స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండల ప్రాంతం, హైలాండ్స్, చూపించడానికి మీకు ఒక్క శనివారమే దొరికింది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మగారికి మలుపుల రోడ్డు పడదు, వాంతులవుతాయి. పొద్దున ఎనిమిదికి బయల్దేరి రాత్రి ఎనిమిదికి దింపే లాఖ్ నెస్ సరస్సు టూర్ బస్సు ఎక్కించాలా, రైల్లో తీసుకెళ్లాలా అని అడిగారు. నేను గ్లాస్గోలో పదిహేనేళ్లుగా ఉంటున్నాను. మా ఇంటికి వచ్చిన బంధువులనందరినీ ఆ రెండు దారుల్లోనూ తిప్పాను, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

రైలా బస్సా అన్నది తర్వాత సంగతి. మీవాళ్లు ఏ చోట కిందికి దిగి నిలబడాలని కోరుకుంటున్నారో ముందు తేల్చుకోండి. హైలాండ్స్‌లో రైలు పట్టాలు, రోడ్డు ఒకే చోట్లకు పోవు. గ్లెన్‌కో లోయకు రైలు లేదు. లాఖ్ నెస్ ఒడ్డున కూడా లేదు, ఇన్వర్‌నెస్ ఊరి దాకా రైల్లో వెళ్లి అక్కణ్నుంచి మళ్లీ బస్సో పడవో ఎక్కాలి. స్కై దీవిలో అసలు పట్టాలే లేవు. కాబట్టి నాన్నగారు చిన్నప్పటి నుంచీ లాఖ్ నెస్ పేరు వింటూ పెరిగి, దాన్ని ఒక్కసారైనా కళ్లారా చూడాలని అనుకుంటుంటే ఇంక చర్చ లేదు, బస్సే. అలాంటి పట్టుదల ఏమీ లేక, కొండలూ సరస్సులూ చూస్తే చాలనుకుంటే మాత్రం ఆగి ఆలోచించండి.

ముందు టూర్ బస్సు లెక్క చెప్తాను. దీన్ని చాలామంది వేసుకోరు. ఎడిన్‌బరో నుంచి గ్లెన్‌కో, ఫోర్ట్ విలియం మీదుగా లాఖ్ నెస్ దాకా వెళ్లి వెనక్కి రావాలంటే దాదాపు అయిదు వందల కిలోమీటర్లు. అక్కడి రోడ్లు చాలావరకు మధ్యలో డివైడర్ లేనివి, ఎదురుగా వాహనాలు వస్తుంటాయి, బస్సులకు అలాంటి రోడ్ల మీద గంటకు 50 మైళ్లకు మించి వేగం ఉండకూడదు. లారీల వెనక, క్యారవాన్ల వెనక పడితే ఇంకా తగ్గుతుంది. అంటే దగ్గర దగ్గర ఎనిమిది గంటలు చక్రాల మీదే గడుస్తాయి. డ్రైవరు రోజుకు మామూలుగా తొమ్మిది గంటలకు మించి బండి నడపకూడదు, నాలుగున్నర గంటలు నడిపాక ముప్పావు గంట విరామం తీసుకోవాలి. అందుకే ఏ కంపెనీ టూరు చూసినా పన్నెండు గంటల చుట్టూనే తిరుగుతుంది. పన్నెండులో ఎనిమిది పోగా మిగిలిన నాలుగు గంటల్లో పడవ షికారు, మధ్యాహ్న భోజనం, టాయిలెట్ల కోసం ఆగడం అన్నీ అయిపోవాలి. ఇంక గ్లెన్‌కోలో మిగిలేది పదిహేను ఇరవై నిమిషాలు. ఫోటో తీసుకునేసరికి డ్రైవరు వాచీ చూసుకుంటూ ఉంటాడు. తప్పు ఆయనది కాదు, దూరమే అంత.

ఈ లెక్క నాకు చేదు అనుభవంతో తెలిసింది. మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చిన మొదటిసారి డిసెంబర్‌లో అలాంటి టూరే బుక్ చేశాను. డిసెంబర్‌లో ఎడిన్‌బరోలో పగలు దాదాపు ఏడు గంటలే, మధ్యాహ్నం మూడున్నర దాటగానే పొద్దుగుంకుతుంది. మేం బయల్దేరినప్పుడు చీకటి, లాఖ్ నెస్ ఒడ్డుకు చేరి కాసేపు గడిపేసరికి మళ్లీ చీకట్లు కమ్మేశాయి. వెనక్కి వచ్చే నాలుగు గంటలూ బస్సు అద్దంలో మా మొహాలే మాకు కనిపించాయి. ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఫోటోలన్నీ జూన్ నెలవి. అత్తయ్యగారు ఏమీ అనలేదు గానీ, అంత దూరం నుంచి వచ్చిన మనిషికి అంతే చూపించగలిగాననే బాధ నాకు చాలా రోజులు ఉండిపోయింది. మీవాళ్లు వచ్చేది సెప్టెంబర్ మధ్యలో కాబట్టి ఈ సమస్య లేదు. అప్పుడు సూర్యోదయం ఆరూముప్పావు ప్రాంతంలో, సూర్యాస్తమయం ఏడున్నరకు. ఇది చదివే మిగతావాళ్లు మాత్రం నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు అయితే టూర్ ఎన్ని గంటలో చూడటం కంటే వెలుతురు ఎన్ని గంటలో ముందు చూసుకోండి.

బస్సును తీసిపారేస్తున్నానని అనుకోకండి. మంచి గైడు దొరికితే ఆ రోజే వేరు. గ్లెన్‌కో లోయను ఊరికే చూస్తే నిటారు కొండలు, పచ్చటి వాలు, మీద మబ్బు. 1692 ఫిబ్రవరిలో అక్కడ ఏం జరిగిందో తెలిశాక చూస్తే గుండె బరువెక్కుతుంది. పన్నెండు రోజుల పాటు అక్కడి మాక్‌డొనాల్డ్ వంశం వాళ్ల ఇళ్లలో అతిథులుగా ఉండి, వాళ్లు పెట్టింది తిన్న సైనికులే, పదమూడో తేదీ తెల్లవారుజామున లేచి వాళ్లను చంపారు. ముప్పై ఎనిమిది మంది అక్కడే చనిపోయారు, మంచులో కొండల్లోకి పారిపోయినవాళ్లు ఇంకెందరో చలికి పోయారు. ఆ కథ ఆ లోయలో నిలబడి, అక్కడివాళ్ల యాసలో వినాలి. రైల్లో ఇలా చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. టిక్కెట్లు, కనెక్షన్లు, ఏ ప్లాట్‌ఫారం అనే టెన్షన్ కూడా టూర్ బస్సులో ఉండదు. ఒంటరిగా వచ్చినవాళ్లకు, ఏదీ ప్లాన్ చేసుకునే ఓపిక లేనివాళ్లకు నేను బస్సే చెప్తాను.

బస్సు అయితే పెద్దది వద్దు. యాభై మంది ఉన్న బస్సులో అందరూ దిగి, టాయిలెట్ లైన్లో నిలబడి, మళ్లీ ఎక్కడానికే ఆ పావుగంటలో సగం పోతుంది. పదహారు సీట్ల చిన్న బస్సులు ఉంటాయి, వాటికి ఇరుకు చోట్ల కూడా ఆగే వీలుంటుంది. కాకపోతే వాటిలో చాలావరకు టాయిలెట్ ఉండదు, అయిదేళ్ల లోపు పిల్లలను చాలా కంపెనీలు ఎక్కించుకోవు. బుక్ చేసే ముందు ఈ రెండూ అడగండి. ఎడిన్‌బరో నుంచి ఒక్క రోజులో స్కై దీవి చూపిస్తామనే టూర్లు కనిపిస్తే మాత్రం దయచేసి వాటి జోలికి పోకండి. వెళ్లడానికే అయిదు గంటలకు పైన, రావడానికీ అంతే. ఆ దీవికి కనీసం ఒక రాత్రి అక్కడ పడుకునేలా వెళ్లాలి.

ఇంక రైలు. నేను చెప్పేది గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ నుంచి ఫోర్ట్ విలియం వెళ్లే వెస్ట్ హైలాండ్ లైను గురించి. ఫోర్ట్ విలియం దాకా 1894లో వేశారు, అక్కణ్నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న మాలేగ్ దాకా 1901లో పొడిగించారు. గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియంకు మూడూముప్పావు గంటలు పడుతుంది. అదే దూరం రోడ్డు మీద మూడు గంటలే. రైలు అంత నెమ్మది కావడమే దాని గొప్పతనం, ఎందుకంటే దారి పొడవునా చూడటానికే ఉంటుంది.

గ్లాస్గో ఊరు దాటగానే ఎడమ పక్కన క్లైడ్ నది వెడల్పయి సముద్రంలా మారుతుంది. తర్వాత లాఖ్ లాంగ్, అది సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయ. ఆ తర్వాత కుడి పక్కన లాఖ్ లోమండ్. కొంచెం సేపటికి పట్టాలు కొండ మీదకు ఎక్కుతాయి, టిండ్రమ్ దాటాక ఒక లోయ అడ్డం వస్తే దాని చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో తిరిగి, అవతలి కొండ మీదకు వంతెనల మీదుగా చేరుతుంది రైలు. తిన్నగా వంతెన కట్టడానికి డబ్బు చాలక అలా చుట్టూ తిప్పారంటారు. చూసేవాళ్లకు మాత్రం అదృష్టమే.

ఆ తర్వాత వచ్చేది రానఖ్ మూర్. ఈ లైను మొత్తంలో నాకు ఇష్టమైన చోటు ఇదే. కనుచూపు మేరా చెట్టు లేని బురద నేల, గోధుమ రంగు గడ్డి, మధ్యలో నల్లటి నీటి మడుగులు, దూరంగా కొండలు. కారు రోడ్డు ఈ బీడుకు పడమటి అంచున పోతుంది, రైలు దాని లోపల్నుంచి పోతుంది. పట్టాలు వేసేటప్పుడు ఎంత రాయి పోసినా నేల మింగేస్తుంటే, చెట్ల వేర్లు, కంప తెచ్చి పరుపులా పరిచి, దాని మీద వేల టన్నుల మట్టి, బూడిద పోశారు. నూట ముప్పై ఏళ్లుగా రైళ్లు ఆ పరుపు మీదే తేలుతూ పోతున్నాయి. అది దాటాక కరావర్ అనే స్టేషన్ వస్తుంది. బ్రిటన్ ప్రధాన రైలు మార్గాల్లో అన్నిటికంటే ఎత్తులో, 408 మీటర్ల మీద ఉన్న స్టేషన్ అదే. అక్కడికి జనం వెళ్లే రోడ్డు లేదు, నడిచి గానీ రైల్లో గానీ రావాలి. పట్టాల పక్కన ఎర్ర జింకలు నిలబడి రైలు వైపు చూస్తుంటాయి. ఏ టూర్ బస్సూ మీకు ఈ చోటు చూపించలేదు.

రైలుకు ఉన్న పెద్ద లోటు కూడా చెప్పాలి. రైల్లో కూర్చుంటే ఆ రైలు వెళ్లే వంతెనల అందం మీకు కనిపించదు. ఎడిన్‌బరో దగ్గర ఫోర్త్ బ్రిడ్జ్ ఉంది కదా, 1890లో కట్టిన రెండున్నర కిలోమీటర్ల ఎర్రటి ఉక్కు వంతెన, 2015లో యునెస్కో జాబితాలో చేరింది. దాని మీద రైల్లో పోతే కిటికీలోంచి ఎర్ర కమ్మీలు వెనక్కి పరిగెత్తడం తప్ప ఇంకేం కనిపించదు. పక్కన రోడ్డు వంతెన మీద బస్సులో పోతే దాని ఆకారం మొత్తం కనిపిస్తుంది. అందరూ సినిమాల్లో చూసిన గ్లెన్‌ఫినన్ వంతెన కూడా అంతే. ఇరవై ఒక్క కమానులు, ముప్పై మీటర్ల ఎత్తు, ఇనుము లేకుండా ఒట్టి కాంక్రీటుతో కట్టినది. అది వంపు తిరిగి ఉంటుంది కాబట్టి మాలేగ్ వెళ్లేటప్పుడు ఎడమ కిటికీలోంచి కొంత కనిపిస్తుంది, కానీ ఫోటోల్లో చూసేలా కావాలంటే కింద గుట్ట ఎక్కి నిలబడాలి. నాన్నగారి మోకాళ్లతో ఆ గుట్ట వద్దు. దాని మీద నడిచే ఆవిరి రైలు గురించి కూడా మీరు అడుగుతారేమో. అది ఫోర్ట్ విలియం నుంచి బయల్దేరుతుంది, సీజన్‌లో టిక్కెట్లు నెలల ముందే అయిపోతుంటాయి, ఎడిన్‌బరో నుంచి పొద్దున వచ్చి అదే రోజు ఎక్కి తిరిగి ఇల్లు చేరాలంటే కుదిరే పని కాదు. మామూలు రైలు కూడా అదే పట్టాల మీద, అదే వంతెన మీద వెళ్తుంది, ఆ సంగతి చాలామందికి తెలియదు.

ఇప్పుడు మీ ఇంటి విషయానికి వస్తాను. మీ శనివారానికి నేను చెప్పేది: వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు మామూలు సర్వీసు బస్సు. టూర్ బస్సు కాదు. ఫోర్ట్ విలియం నుంచి గ్లాస్గోకు సిటీలింక్ బస్సులు నడుస్తాయి, మూడు గంటల ప్రయాణం. అవి వచ్చేది గ్లెన్‌కో లోయ గుండానే, తర్వాత రానఖ్ మూర్ అంచున, ఆ తర్వాత లాఖ్ లోమండ్ ఒడ్డున. అంటే పట్టాలు తాకని లోయను ఈ బస్సు చూపిస్తుంది, రోడ్డు పోని బీడును రైలు చూపిస్తుంది. ఒకే రోజులో రెండు వేరు వేరు దారులు చూస్తారు, వెళ్లిన దారినే వెనక్కి రావడం ఉండదు. గ్లెన్‌కోలో దిగి నిలబడటం ఉండదు, అది ఒక్కటే లోటు. కానీ ఎత్తయిన బస్సు కిటికీలోంచి ఆ లోయ చూడటం తక్కువేమీ కాదు, పెద్దవాళ్లతో వెళ్లినప్పుడల్లా నేను ఇలాగే చేస్తున్నాను.

నాన్నగారి మోకాళ్లకు కూడా ఇదే నయం. రైల్లో లేచి నాలుగడుగులు వేయొచ్చు, కాళ్లు చాపుకోవచ్చు, టాయిలెట్ ఉంటుంది. ఎడిన్‌బరో వేవర్లీ నుంచి గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌కు యాభై నిమిషాలు, ఫోర్ట్ విలియం రైలు కూడా ఆ స్టేషన్ నుంచే, కాబట్టి ఊళ్లోకి వెళ్లి స్టేషన్ మారే పని లేదు. ఫోర్ట్ విలియంలో రైల్వే స్టేషన్, బస్టాండు పక్కపక్కనే ఉంటాయి, షాపుల వీధి కూడా అక్కడే, నేల చదును. బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన బెన్ నెవిస్ కొండ, 1,345 మీటర్లది, ఆ ఊరి పక్కనే ఉంది, తల మీద మబ్బు లేని రోజు తక్కువ. రైలెక్కడానికి దిగడానికి సాయం కావాలంటే పాసింజర్ అసిస్ట్ అని ఉంది, ముందుగా చెప్తే మనిషిని పంపుతారు, దానికి డబ్బు తీసుకోరు. మొహమాటపడకుండా వాడుకోండి.

అమ్మగారి సంగతి. రైల్లో ఇబ్బంది ఉండదు, మా ఇంట్లో వాంతులయ్యేవాళ్లెవరికీ ఆ లైన్లో కాలేదు. బస్సులో మాత్రం లాఖ్ లోమండ్ ఉత్తరపు కొస దగ్గర రోడ్డు బాగా ఇరుకు, మలుపు మీద మలుపు. అది అరగంటలోపే. ఎనిమిది గంటల టూర్ బస్సులో అయితే ఇదే రోడ్డుతో పాటు ఇంకా బోలెడు మలుపులు ఉంటాయి. బస్సు ఎక్కే అరగంట ముందు ఆవిడకు అలవాటైన మాత్ర వేయించండి, ముందు సీట్లలో కూర్చోబెట్టండి, ఆ కాసేపూ ఫోన్ చూడనివ్వకండి. అయినా భయంగా ఉంటే సాయంత్రం రైలుకే వెనక్కి రండి. అప్పుడు ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది, అదొక్కటి ఆలోచించుకోండి.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఈ లైన్లో రోజుకు మూడు నాలుగు రైళ్లే, ఆదివారం ఇంకా తక్కువ. పొద్దున ఎనిమిది దాటాక గ్లాస్గోలో బయల్దేరే రైలే మీకు పనికొచ్చేది, దానికోసం ఎడిన్‌బరోలో ఏడింటి లోపే రైలెక్కాలి. మధ్యలో కనీసం ఇరవై నిమిషాలు ఉండేలా చూసుకోండి. టిక్కెట్టుతో పాటు సీటు రిజర్వేషన్ కూడా తీసుకోండి, సెప్టెంబర్ శనివారాల్లో నిలబడి వెళ్లేవాళ్లు ఉంటారు. ఇంకోటి, కొన్ని రైళ్లు క్రియన్‌లారిఖ్ స్టేషన్‌లో రెండుగా విడిపోతాయి. సగం పెట్టెలు ఓబన్ ఊరికి, సగం ఫోర్ట్ విలియంకు. మా పిన్నిని తీసుకెళ్లిన రోజు మంచి కిటికీ సీట్లు ఖాళీగా ఉన్నాయని వేరే పెట్టెలో కూర్చున్నాను, క్రియన్‌లారిఖ్‌లో గార్డు వచ్చి అడిగితే గానీ మేం ఓబన్ పెట్టెలో ఉన్నామని తెలియలేదు. రెండు నిమిషాల్లో సంచులన్నీ తీసుకుని ప్లాట్‌ఫారం మీద పరిగెత్తాల్సి వచ్చింది, పిన్నికి ఆయాసం వచ్చేసింది. పెట్టె తలుపు పక్కన, లోపల బోర్డు మీద ఊరి పేరు చదివాకే ఎక్కండి. కిటికీ సీటు అని టిక్కెట్టు మీద ఉన్నా కొన్నిసార్లు రెండు కిటికీల మధ్య గోడ ఎదురవుతుంది. అలా అయితే రైలు కదిలాక ఖాళీ ఉన్న సీటుకు మారండి, ఎవరూ ఏమీ అనరు.

టిక్కెట్ల ధర గురించి ఒక మాట. స్కాట్లాండ్‌లో అరవై దాటినవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమని ఎవరైనా చెప్తే, అది ఇక్కడ నివాసం ఉండేవాళ్లకే, చూడటానికి వచ్చినవాళ్లకు కాదు. రైల్వే సీనియర్ రైల్‌కార్డ్ మాత్రం బయటి దేశాల వాళ్లు కూడా పాస్‌పోర్ట్ చూపించి కొనుక్కోవచ్చు, చాలా టిక్కెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. మీవాళ్లు మిగతా రోజుల్లో కూడా రైళ్లు ఎక్కేట్టయితే కొనండి, ఈ ఒక్క రోజు కోసమైతే ముందు లెక్క చూసుకోండి.

ఆ రోజు పొద్దున నాన్నగారికి మోకాలు బాగా వాచిందనుకోండి, లేదా ఇద్దరూ అలసిపోయి ఉన్నారనుకోండి. పంతానికి పోయి ఫోర్ట్ విలియం దాకా లాక్కెళ్లకండి. ఎడిన్‌బరో నుంచి పిట్లాఖ్రికి రెండు గంటల లోపే రైలు ఉంది, స్టేషన్ ఊరి మధ్యలోనే, కొండల మధ్య చిన్న ఊరు, ఆనకట్ట దగ్గర సాల్మన్ చేపలు మెట్లు మెట్లుగా ఎగువకు ఎక్కడానికి కట్టిన దారి చూడొచ్చు. ఇంకా తేలిక కావాలంటే గ్లాస్గో నుంచి బాలఖ్‌కు యాభై నిమిషాలు. అక్కడ స్టేషన్ దగ్గర్లోనే లాఖ్ లోమండ్ పడవలు, కాలికి పని లేకుండా సరస్సులో తిరిగి రావచ్చు. సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటారు.

వాన పడుతుందేమో అని మాత్రం మానుకోకండి. అటువైపు వాన పడని వారం ఉండదు. గ్లెన్‌కో మీద మబ్బులు కిందికి దిగి, కొండల మీంచి నీళ్లు తెల్లటి గీతల్లా జారుతుంటే ఎండలో కంటే బాగుంటుంది. రైలు అద్దాలకు ఆవిరి పడుతుంది, తుడుచుకోవడానికి ఒక మెత్తటి గుడ్డ దగ్గర పెట్టుకోండి.

కూర్చునే వైపు కూడా చెప్పేస్తాను. వెళ్లేటప్పుడు రైల్లో ఎడమ పక్క. లాఖ్ లోమండ్ ఒక్కటి కుడి పక్కకు పోతుంది గానీ, దాన్ని ఎలాగూ సాయంత్రం బస్సులో చూస్తారు. కరావర్ దాటాక వచ్చే లాఖ్ ట్రేగ్ ఎడమవైపే, పట్టాలు బాగా ఎత్తున ఉంటాయి కాబట్టి సరస్సు మొత్తం కింద పరుచుకుని కనిపిస్తుంది. తిరుగు బస్సులో గ్లెన్‌కోలోని ముగ్గురు అక్కచెల్లెళ్లనే కొండలు కుడివైపు వస్తాయి, లాఖ్ లోమండ్ ఎడమవైపు. అమ్మగారిని కుడివైపు ముందు సీట్లో, నాన్నగారిని ఎడమవైపు కూర్చోబెట్టి, సరస్సు వచ్చేసరికి చోట్లు మార్చుకోమనండి. గ్లాస్గో బస్టాండు నుంచి క్వీన్ స్ట్రీట్ స్టేషన్ దగ్గరే, కానీ ఆ పూటకు నాన్నగారు అలసిపోయి ఉంటారు కాబట్టి మెల్లగా నడిపించండి. ఎడిన్‌బరోకు రైళ్లు రాత్రి దాకా వస్తూనే ఉంటాయి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.